నాలుగు శనివారాల సంతకాలు

నా లోపల ఒక మాట ఉంది. ఒక గదిలో, నలుగురి ముందు, నా నోటితో నేను చెప్పిన మాట. రాస్తే సగం వరుస కూడా పట్టదు. దాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. భార్యకు చెప్పలేదు. గుళ్ళోనూ చెప్పుకోలేదు. దేవుడికి ఎలాగూ తెలుసు, మళ్ళీ చెప్పడం ఎందుకని తప్పించుకున్నాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

నా పేరు రాయను. పేరు లేకుండా ఉత్తరం రాయడం నాకు కొత్త కాదు.

ముందు నేనెలాంటి మనిషినో తెలియాలి. నేను ఏదీ మరిచిపోను. నా పెళ్ళిలో మా ఆవిడ తరఫు పెద్దమనిషి ఒకాయన మా నాన్నకు కుర్చీ వెయ్యలేదు. నాన్న పోయాడు, ఆ పెద్దమనిషీ పోయాడు, నేను మాత్రం ఇంకా ఆ కుర్చీ దగ్గరే నిలబడి ఉన్నాను. చౌక డిపోలో పుచ్చిన బియ్యం ఇస్తే తాలూకా ఆఫీసుకు అర్జీ పెట్టాను. బస్సు ఆగవలసిన చోట ఆగకపోతే పెట్టాను. పక్కింటివాళ్ళ తూము నీళ్ళు మా గుమ్మంలోకి వస్తున్నాయని మూడేళ్ళు పెట్టాను, చివరికి ఆ తూము తిరిగింది. నా అర్జీల్లో అబద్ధం ఉండదని నాకు గర్వం. కోపం ఉంటుంది, అబద్ధం ఉండదు. అలా అనుకునేవాణ్ణి.

అరవై ఏడు, అరవై ఎనిమిది నాటి సంగతి ఇది. విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లులో నేను టైం ఆఫీసు గుమాస్తాని. ఎవరు పనిలోకి వచ్చారు, ఎవరు సెలవు, ఎవరు చెప్పకుండా మానేశారు, అదంతా రాసే రిజిస్టరు నాది. మిల్లన్నాక దెబ్బలు తప్పవు. గోగునార దువ్వే మిషన్లలో వేళ్ళు పడేవి, ఒక్కోసారి చెయ్యే పడేది. పట్నం ఆస్పత్రికి తీసుకువెళ్ళే లోపల మనిషి నిలవాలి కదా. అందుకని ప్రతి ఖాతాలోనూ, అంటే మిల్లులో ప్రతి విభాగంలోనూ, ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని చట్టం. పెట్టె ఉంటే చాలదు, దాన్ని తెరిచేవాడికి సర్టిఫికెట్ ఉండాలి. ఆ సర్టిఫికెట్ మూడేళ్ళే చెల్లుతుంది. మూడేళ్ళయ్యాక మళ్ళీ క్లాసుకు వెళ్ళి, మళ్ళీ పరీక్షకు కూర్చోవాలి. నేర్చుకున్నది చేతులు మరిచిపోతాయి, కొత్త పద్ధతులు వస్తాయి, అందుకు.

ఏ క్లాసు పడితే ఆ క్లాసు పనికిరాదు. గుర్తింపు ఉన్న క్లాసే కావాలి. గుర్తింపు అంటే ఏమిటో అప్పట్లో మిల్లులో నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ నిబంధనల కాగితం ఫైలులో పెట్టింది నేనే. పాఠాలు డాక్టరు చెప్పాలి. హాజరు పట్టీ ఉండాలి, ఇన్ని క్లాసులకు తక్కువైతే పరీక్షకు పంపకూడదు. పరీక్ష బయటి డాక్టరు చెయ్యాలి. ఈ మూడూ ఉంటే, ఆ క్లాసు మాదే అని సర్టిఫికెట్లు ఇచ్చే పై సంఘం ఒప్పుకుంటుంది. లేకపోతే అక్కడ నేర్చుకున్నవాడు ఎంత గట్టివాడైనా చట్టం కళ్ళకు కనబడడు. ఆ షరతులు చెడ్డవని నేను ఇప్పటికీ అనను. కట్లు కట్టడం రానివాళ్ళు గురువులై మనుషుల్ని చంపకుండా పెట్టుకున్నవవి.

మా క్లాసు శనివారం శనివారం, మిల్లు డిస్పెన్సరీ వెనక గదిలో. కాగితం మీద పాఠాలు చెప్పేది పట్నం డాక్టరుగారు. ఆయన మొదటి రోజు వచ్చి దండ వేయించుకుని వెళ్ళారు. ఆ తరవాత సంతకాలకు కాగితాలే ఆయన దగ్గరకు వెళ్ళేవి. నిజంగా చెప్పేది తవిటినాయుడు మాస్టారు. ఆయన మాస్టరూ కాదు, డాక్టరూ కాదు. యుద్ధంలో బర్మా వైపు మిలట్రీ ఆస్పత్రిలో సిపాయిగా చేసి, పింఛను లేకుండా ఇంటికొచ్చి, మా డిస్పెన్సరీలో కట్లు కట్టే పనికి టెంపరరీగా కుదిరిన మనిషి. పాతపట్నం అవతల పల్లెటూరు. చదువు అయిదో క్లాసు. కానీ ఆయన చెబుతుంటే విరిగిన ఎముక కళ్ళకు కనబడేది.

ఆయన పద్ధతి ఒకటి చెప్పాలి. పేర్లు పిలిచేవారు కాదు. జనం వేరు వేరు షిఫ్టుల నుంచి ఒకరి తరవాత ఒకరు నార దుమ్ముతో వచ్చేవారు. హాజరు పట్టీ గుమ్మం పక్క బల్ల మీద తెరిచి ఉండేది, గోగుతాడుతో కట్టిన కలం పక్కన ఉండేది, వచ్చినవాళ్ళు వాళ్ళ గడిలో వాళ్ళే సంతకం పెట్టుకునేవాళ్ళు. సంతకం రానివాళ్ళకు ఇంకు మెత్త. ఆయన ఆ పట్టీ వైపు ఒక్కసారి కూడా చూడటం నేను ఎరగను. గుమాస్తాగా నాకది ఒళ్ళు మండే సంగతి. ఎవరైనా దొంగ సంతకం పెడితే? అని మనసులో అనుకునేవాణ్ణి. పెట్టేవాణ్ణి నేనే అవుతానని అప్పటికి తెలియదు.

మూడో శనివారమో నాలుగో శనివారమో జరిగింది. విరిగిన చేతికి ముక్కోణపు గుడ్డతో ఊయల కట్టమన్నారు. రెండేళ్ళ పైచిలుకు కిందట ఒకసారి ప్యాసైనవాణ్ణి, గుమాస్తాని, ముందు నేనే లేచాను. బల్ల మీద కూర్చున్న కుర్రవాడి చేతికి కట్టాను. మాస్టారు చుట్టూ తిరిగి చూశారు. నవ్వుతూనే అన్నారు: "ఏటి బాబూ, సెయ్యికి కట్టినారా, గుమ్మడికాయకి ఉట్టి కట్టినారా?"

అందరూ నవ్వారు. నార నానబెట్టే ఖాతాలో పనిచేసే పైడమ్మ అక్కడితో ఊరుకోలేదు. "ఉట్టయితే నయమే మాస్టారూ, పిల్లికందదు గదా" అంది. మళ్ళీ నవ్వారు. మాస్టారు నా కట్టు విప్పి, పైడమ్మ చేత కట్టించి, నన్ను దగ్గరకు పిలిచి చూడమన్నారు. ఆవిడ కట్టిన కట్టు చక్కగా ఉంది. అది నాకు కనబడింది. కనబడడమే ఇంకా మండించింది.

ఆ మర్నాటి నుంచి టైం ఆఫీసు కిటికీ దగ్గర నాకు కొత్త పేరు. ఉట్టి బాబుగారు. ముఖం మీద అనేవాళ్ళు కొందరు, వెనక అనేవాళ్ళు అందరూ. ఆయన ఆ మాట అన్నది చులకన చెయ్యడానికి కాదని ఇప్పుడు తెలుసు. ఆయన అందరితోనూ అలాగే అనేవారు, పైడమ్మ మొదటి కట్టును పీతకు పంచె కట్టినట్టుందని అన్నారట, ఆవిడే చెప్పుకుని నవ్వేది. ఆవిడ నవ్వగలిగింది. నేను ఎందుకు నవ్వలేకపోయాను? ఇన్నేళ్ళలో ఈ ప్రశ్నకు నాకు జవాబు దొరకలేదు. దొరికినవన్నీ జవాబుల్లా కనబడే ఫిర్యాదులే.

నాలుగు శనివారాలు క్లాసుకు వెళ్ళలేదు. ఒక శనివారం అయితే ఊళ్ళోనే లేను, పాతపట్నంలో మా అత్తవారింట పెళ్ళికి వెళ్ళాను. కానీ నా పాత సర్టిఫికెట్‌కు ఇంక కొన్ని నెలలే ఉంది, హాజరు తక్కువైతే పరీక్షకు పంపరు. అయిదో శనివారం అందరికంటే ముందు వెళ్ళాను. గదిలో ఎవరూ లేరు. పట్టీ బల్ల మీద తెరిచి ఉంది. నా గడుల్లో నాలుగు ఖాళీలు. కూర్చుని, ఒక్కొక్కటి కొంచెం కొంచెం తేడాగా, నాలుగు సంతకాలు పెట్టాను. అయిదోది కూడా పెట్టి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. సిగ్గు పడలేదు. అది కూడా చెప్పాలి.

అప్పటికి అది చిన్న దొంగతనం. నా ఒక్కడికీ సంబంధించింది. అక్కడితో ఆగి ఉంటే నేనీ కాగితం రాసేవాణ్ణి కాదు.

పరీక్ష అయింది. పంతొమ్మిది మందిమి ప్యాసయ్యాం. పైడమ్మకు మొదటి మార్కు వచ్చింది. మిల్లు మేనేజరు ఆవిణ్ణి మెచ్చుకుంటే మాస్టారి ముఖం వెలిగిపోయింది. నా మార్కు ఎంతో ఎవరూ అడగలేదు. ఆ నెలలోనే నేను సర్టిఫికెట్లు ఇచ్చే సంఘానికి అర్జీ రాశాను. నా దస్తూరీ మిల్లంతటికీ తెలుసు గనక అచ్చు అక్షరాల్లా విడివిడిగా రాశాను. పాఠాలు డాక్టరుగారు చెప్పలేదని రాశాను, అది నిజం. గుర్తింపు లేని మనిషి చెప్పాడని రాశాను, అదీ నిజం. రానివాళ్ళు వచ్చినట్టు హాజరు పట్టీలో ఉందని రాశాను. అది కూడా నిజమే. ఆ రానివాడు ఎవరో రాయలేదు. పట్టీలో పంతొమ్మిది మంది సంతకాలు, వేలిముద్రలు కలిసి ఉన్నాయి, ఎవరు కనిపెడతారులే అనుకున్నాను. మళ్ళీ అత్తవారింటికి వెళ్ళినప్పుడు పాతపట్నం పోస్టు డబ్బాలో వేశాను. ఇక్కడ వేస్తే ముద్ర చూసి గుర్తుపడతారని. దూరం వెళ్ళి వేస్తే దెబ్బ ఎవరికి తగులుతుందో అప్పుడు ఆలోచించలేదు. పాతపట్నంతో సంబంధం ఉన్న మనిషి ఆ క్లాసులో నేను కాక ఇంకొకరున్నారు. ఆయనే మాస్టారు.

రెండు నెలలకు సంఘం నుంచి విచారణకు ఒక అధికారి వచ్చారు. తెల్ల జుట్టు, నెమ్మదైన మనిషి. డిస్పెన్సరీ గదిలోనే బల్ల వేసుకుని కూర్చున్నారు. ఒక పక్క మేనేజరు, ఒక పక్క కంపౌండరు, ఎదురుగా స్టూలు మీద తవిటినాయుడు మాస్టారు, చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని. రిజిస్టరు తెమ్మంటే నేను టైం ఆఫీసు రిజిస్టరు తీసుకువెళ్ళాను. అధికారి మేనేజరుతో అంటున్న మాటలు విన్నాను. డాక్టరు రాకపోవడం తప్పేనని, అయితే దాన్ని సరిదిద్దుకోవచ్చని, ఇంకో డాక్టరును పెట్టి కొన్ని పాఠాలు మళ్ళీ చెప్పించి పరీక్ష మళ్ళీ పెడితే గుర్తింపు నిలబడుతుందని ఆయన అన్నారు. అంటే నా అర్జీలో నిజమున్నంత మేరకు దానికి మందు ఉంది. మంచే జరిగేది. డాక్టరు వచ్చేవాడు. మాస్టారు ఆయన పక్కనే నిలబడి కట్లు నేర్పేవారు.

అప్పుడాయన హాజరు పట్టీని నా రిజిస్టరు పక్కన పెట్టారు. వేలు ఒక తేదీ మీద ఆపారు. మా అత్తవారింటి పెళ్ళి రోజు. నా రిజిస్టరులో, నా పేరు ఎదురుగా, నా దస్తూరీతో, సెలవు అని ఉంది. పట్టీలో ఏ సంతకమైనా పెట్టగలిగానుగానీ, నా రిజిస్టరులో నేను తప్పు రాయలేను. చేతకాదు. పట్టుబడింది దాని వల్లనే.

"ఈ రోజు మీరు సెలవు. క్లాసులో కూడా ఉన్నారు. ఏది నిజం?" అని అడిగారు.

"సెలవండి."

"మరి ఈ సంతకం?"

"నాదేనండి."

"ఎవరు పెట్టమన్నారు?"

ఆయన అలా అడగకుండా ఎందుకు పెట్టావని అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలియదు. ఎన్నోసార్లు ఆ తప్పును ఆ ప్రశ్న మీదకు తోద్దామని చూశాను. ప్రశ్న తప్పేం చేసింది? ఎవరూ పెట్టమనలేదు అంటే సరిపోయేది. దొంగ హాజరుకు మిల్లులో ఉద్యోగం పోతుంది, అది నాకు తెలుసు, అప్పటికి ఇద్దరు పిల్లలు. భయపడ్డాను. కానీ భయం ఒక్కటే కాదు. నవ్వు కూడా చెవిలో ఉంది.

"మాస్టారండి" అన్నాను.

నేను బల్ల కోడు వైపు చూస్తున్నాను. ఆయన కాదంటారు, అప్పుడు నేను ఏదో ఒకటి అంటాను, అలా అనుకుంటున్నాను. పోట్లాటకు సిద్ధంగా ఉన్నాను. పోట్లాట నాకు వచ్చిన విద్య.

ఆయన స్టూలు మీంచి లేచారు. మిలట్రీవాళ్ళు నిలబడినట్టు నిలబడ్డారు. "అవునండి. నానే ఎట్టమన్నాను. పిల్లలు గలోడండి, హాజరు సాలదని బెంగెట్టుకున్నాడు. బాబు తప్పేటీ లేదండి."

ఆయన నన్ను కాపాడారు. నేను ఆయన మీద వేసిన రాయిని తీసుకుని, ఇది నాదేనని ఒళ్ళో పెట్టుకున్నారు. నేను భయంతో తత్తరపడి ఆయన పేరు చెప్పాననుకున్నారు, అంతే. అర్జీ కూడా నాదేనని ఆయనకు తెలియదు. అవమానాలు గుర్తుపెట్టుకోవడానికి నా మనసులో చాలా చోటు ఉంది. ఒక మనిషి చేసిన మేలును పెట్టుకోవడానికి చోటు లేదని ఆ రోజు తెలిసింది. ఎక్కడ పెట్టినా గుచ్చుకునేది.

అధికారి కలం మూశారు. డాక్టరు రాకపోతే సరిదిద్దవచ్చుగానీ, నేర్పేవాడే దొంగ హాజరు వేయిస్తే ఆ క్లాసును ఇంక నమ్మలేమన్నారు. గుర్తింపు తీసేశారు. పంతొమ్మిది సర్టిఫికెట్లు చెల్లవని గేటు దగ్గర నోటీసు అంటించారు. మాస్టారిని పనిలోంచి తీసేశారు. రేకు పెట్టె భుజాన పెట్టుకుని వెళ్ళిపోతూ టైం ఆఫీసు కిటికీ దగ్గర ఆగి, వెళ్ళొస్తానని చెప్పారు. నేను రిజిస్టరులో ఆయన పేరు మీద గీత కొడుతున్నాను. తల ఎత్తకుండానే మంచిదన్నాను.

నా పాత సర్టిఫికెట్‌కు ఇంకా గడువుంది. అందుకని మా వైపు ఖాతాలన్నిటికీ చెల్లే సర్టిఫికెట్ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యాను. పెట్టె తాళం నాకిచ్చారు.

రెండో షిఫ్టులో ఒక సాయంత్రం, ఎండ ఇంకా ఉంది, నార దువ్వే మిషన్లో అసిరయ్య అనే అతని ముంజెయ్యి పడింది. పెట్టె పట్టుకుని పరిగెత్తాను. నెత్తురు చూశాక నాకు ఏమీ గుర్తు రాలేదు. గుర్తొచ్చింది ఒకటే, పాత పద్ధతి, పైన తాడు బిగించి కట్టడం. అది ఇప్పుడు చెయ్యకూడదని, గాయం మీదే గట్టిగా నొక్కి పట్టి చెయ్యి పైకెత్తాలని, తాడు బిగిస్తే చెయ్యే పోవచ్చని మాస్టారు చెప్పారట. నేను వెళ్ళని శనివారాల్లో. తాడు కోసం వెతుకుతున్నాను. పైడమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ముట్టుకోవద్దన్నాను. నీ సర్టిఫికెట్ చెల్లదన్నాను. అన్నాను, ఆ మనిషి నెత్తురు నేల మీద పారుతుండగా.

ఆవిడ వాదించలేదు. నా చేతిలోంచి దూది, గుడ్డ తీసుకుని గాయం మీద పెట్టి రెండు చేతులతో నొక్కింది. అసిరయ్య చేతిని తన భుజం మీదకు ఎత్తుకుంది. "మీరు టయిం సూడండి బాబూ" అంది. నేను గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. మిల్లు వ్యాను వచ్చేదాకా ఆవిడ చేతులు తియ్యలేదు.

చెయ్యి నిలిచింది. రెండు వేళ్ళు వంగవు, అంతే.

ప్రమాదాల పుస్తకంలో ఒక గడి ఉంటుంది, ప్రథమ చికిత్స చేసినవారి పేరు, సర్టిఫికెట్ నంబరు. పైడమ్మ నంబరు రాస్తే ఆవిడ పని పోతుంది. అందుకే నాది రాశాను, ఆవిణ్ణి కాపాడడానికే రాశాను అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆగస్టు పదిహేనున జెండా దగ్గర మేనేజరు నా పేరు పిలిచి చెయ్యి కలిపారు. పైడమ్మ ఆడవాళ్ళ వరసలో ఉంది. చప్పట్లు కొట్టింది. పాఠం ఒకరు చెబితే ఇంకొకరు సంతకం పెట్టారని అర్జీ రాసినవాణ్ణి నేనే. ఆ రోజు చెయ్యి కలుపుతుంటే అది నాకు తట్టలేదని చెబితే అబద్ధం.

ఆ తరవాత నిద్రపట్టలేదు. చెప్పేద్దామని బయలుదేరాను. పాతపట్నంలో బస్సు దిగి, మూడు మైళ్ళు నడిచి ఆయన ఊరు వెళ్ళాను. చోళ్ళ చేలో, అంటే రాగి చేలో, కలుపు తీస్తున్నారు. నన్ను చూసి నిజంగా సంతోషించారు. బాబొచ్చారని ఇంట్లోకి కేకేసి, వసారాలో మంచం వాల్చి, చోడంబలి పెట్టించారు. అసిరయ్య సంగతి చెప్పాను. చేసింది పైడమ్మ అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తొడ మీద చరుచుకుని, ఆవిడ ఎలా పట్టుకుంది, చెయ్యి ఎంత ఎత్తింది, అన్నీ రెండుసార్లు చెప్పించుకున్నారు. కొంచెం నిజం చెబితే మిగతా నిజం దాని వెనకే వస్తుందనుకున్నాను.

ఆ వసారా మధ్యలో కొత్త తడిక కట్టి ఉంది. తాటాకులు ఇంకా పచ్చిగా ఉన్నాయి. అవతల ఎవరో చంటిపిల్లను ఊరుకోబెడుతున్నారు. ఎవరని అడిగాను.

"మా తమ్ముడోలండి. మాటల్లేవు" అన్నారు. గొంతు తగ్గించారు. "గట్టు తగువున్నాది మాకు. ఆడే రాసినాడు బాబూ ఆ కాయితం. పాతపట్నం ముద్దరున్నాదని మేనేజరుగారు సెప్పినారు. ఇక్కడ నా మీద రాసీవోడు ఇంకెవుడున్నాడు? నోటికాడ కూడు తీసీసినాడు. సచ్చినా ఆడి గుమ్మం తొక్కను."

నేను నోరు తెరిచాను. ఇది మాత్రం నిజంగా జరిగింది. తెరిచాను. తడిక అవతల పిల్ల ఏడుపు ఆగింది. వాళ్ళకు నా మాట వినబడేంత దగ్గర. ఒక్క మాట చాలు. ఆ తడిక ఆ పూటే పీకేసేవారు. నా పరువు, ఉద్యోగం పోయేవి, పోనీ. అన్నదమ్ములు మిగిలేవారు.

"తిరుగు బస్సు ఎన్నింటికండీ?" అని అడిగాను.

ఆయన చెప్పారు. ఊరి చివరిదాకా వచ్చి సాగనంపారు. "ఉజ్జోగం నిలబడింది గదా బాబూ, సాలు" అన్నారు.

మళ్ళీ వెళ్ళలేదు. మా మిల్లులో ఆ క్లాసు మళ్ళీ మొదలవడానికి రెండేళ్ళకు పైగా పట్టింది. అప్పటికి పంతొమ్మిది మందిలో సగం మంది ఆశ వదిలేసుకున్నారు. పైడమ్మ మాత్రం మళ్ళీ కూర్చుంది. మాస్టారు పోయారని చాలా ఏళ్ళ తరవాత మా బావమరిది ద్వారా తెలిసింది. పాడె మొయ్యడానికి తమ్ముడు రాలేదని ఒకరు, వస్తే మాస్టారి కొడుకులు రానివ్వలేదని ఇంకొకరు అన్నారట. ఏది నిజమో కనుక్కోలేదు. ఆ తమ్ముడు ఉన్నాడో లేదో కూడా కనుక్కోలేదు. ఒక కార్డు ముక్క చాలు కనుక్కోవడానికి. నా జీవితంలో ఎన్ని వందల కార్డులు రాశానో.

ఇంకొకటి దాచకూడదు. ఉట్టి అన్న ఆ మాట మీద కోపం నాకు ఇంకా పోలేదు. ఇదంతా రాస్తూ రాస్తూ ఆ చోటికి వచ్చేసరికి చెవులు వేడెక్కాయి. ముసలివాణ్ణి, ఆయన్ని ముంచినవాణ్ణి, ఆయన దయతో తిండి తిన్నవాణ్ణి, ఇప్పటికీ ఆ నవ్వును క్షమించలేదు. ఒక హాస్యాన్ని క్షమించలేనివాడు క్షమించమని ఎవర్ని అడుగుతాడు? అందుకే మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమించినా అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఇవ్వగలిగిన మనిషి ఇచ్చేశారు కూడా, దేనికి ఇస్తున్నారో తెలియకుండా. తెలియక ఇచ్చింది చెల్లుతుందా? చెల్లదనే అనుకుంటున్నాను.

నేను చెప్పగలిగింది ఇంతే. నాలుగు శనివారాలు నేను క్లాసుకు వెళ్ళలేదు. ఆ నాలుగు సంతకాలు ఎవరూ పెట్టమనలేదు, నేనే పెట్టుకున్నాను. పాతపట్నం నుంచి వచ్చిన ఆ అర్జీ తవిటినాయుడు మాస్టారి తమ్ముడు రాసింది కాదు. అతనికి ఏ పాపమూ తెలియదు. రాసింది నేను.

రాసేశాను. చెయ్యి నొప్పిగా ఉంది. ఊపిరి కొంచెం కిందిదాకా వెళుతోంది.